ఏడున్నరకి షెడ్యూల్ చేసిన వాన

బుధవారం మధ్యాహ్నమే రాసిపెట్టాను ఆ వానని.
బయట ఎండ కాస్తోంది అప్పుడు.
కావూరి హిల్స్, మూడో అంతస్తు,
ఏసీ చలికి చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని
'చినుకు పడిందా? మూకుడు పెట్టండి!' అని రాశాను.
ఆశ్చర్యార్థకం ఒకటి చాలదన్నాడు ప్రద్యుమ్న.
రెండోదీ పెట్టాను.
పకోడీల మీద ఆవిరి మేం అతికించిందే.
పక్కన సిరిధార పల్లీనూనె, పసుపు డబ్బా.
శుక్రవారం సాయంత్రం ఏడున్నర అని నొక్కి
మర్చిపోయాను.

మర్చిపోవడానికే కదా షెడ్యూల్ చేసేది.

శుక్రవారం మూడింటికి మొదలైంది అసలుది.
ఆరింటికి అమీర్‌పేట మెట్రో మెట్ల కింద
ప్యాంట్లు మడిచిన జనంలో నేనూ,
చెప్పులు చేతిలో,
ఫోన్లో పదకొండు శాతం.
ఎవరిదో స్కూటీ పడవలా తిరుగుతూ
జ్యూస్ బండిని గుద్దుకుంది.
ఏడున్నరకి జేబులో చిన్న వణుకు:
నా వాన టైముకి కురిసింది.

మొదట ఒక నవ్వు బొమ్మ.
తర్వాత 'సిగ్గుందారా'.
తర్వాత లెక్కపెట్టడం మానేశాను.
వాళ్ళకి నా పేరు తెలీదు,
తిడుతున్నది డబ్బాని.
కానీ రెండేళ్ళుగా ఆ డబ్బాకి నోరు నేనే.
'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని
ఒకే వాక్యం ముప్పైమూడు సార్లు అతికించాను,
ముప్పైనాలుగోసారికి వేలు ఆగింది.

అక్కడ మాటల్లేవు. ఫొటో ఒక్కటే.
పెట్టింది చంద్రకళ జంగిలి,
మూసారాంబాగ్ వంతెన దగ్గర ఏదో గల్లీ.
టీ రంగు నీళ్ళు కిటికీ ఊచల దాకా.
మెడలు కలిపి తాడుతో కట్టిన
నాలుగు పసుపు డబ్బాలు,
వాటి మీద తలుపు చెక్క,
చెక్క మీద ఒక ముసలాయన,
ఆయన ఒళ్ళో, చంటిపిల్లలా,
కుట్టుమిషన్ తల.
సిరిధార అన్న అక్షరాలు మాత్రం
కెమెరాకే మొహం తిప్పి ఉన్నాయి.
స్టూడియోలో ఎన్ని లైట్లు పెట్టినా
అంత బాగా పడలేదెప్పుడూ.

ప్రద్యుమ్న ఫోను: 'డిలీట్ చెయ్యకు!
పైసా పెట్టకుండా రెండు లక్షల మంది చూశారు,
ఆర్గానిక్!'
వెనకాలే ఓంకార్ సేట్ వాయిస్ మెసేజ్:
'మన డబ్బా తేలింది కదమ్మా,
అదే రాయి. సిరిధార, మునగనివ్వదు.
ముందు ఆమె పర్మిషన్ తీసుకో.'

ఆమెకి నాలుగుసార్లు రాసి చెరిపాను.
'మీ ధైర్యానికి వందనం.' చెరిపాను.
'మా కుటుంబంలో మీరూ ఒకరు.' చెరిపాను.
చివరికి 'ఈ ఫొటో మేం వాడుకోవచ్చా?' అని పంపాను.
ముసలాయన దిగాడా అని అడగాలన్నది
పంపాక తట్టింది.

ఆదివారం జవాబొచ్చింది:

'మేం మీ నూనె వాడమమ్మా, మస్తు పిరం.
డబ్బలు పాతసామాన్లోని దగ్గర కొన్నం,
ఒక్కోటి నలభై.
నల్లా రోజిడిచి రోజొస్తది,
నీళ్ళు నింపి పెట్టుకోనీకి.
ఫొటో ఏమన్న చేస్కోరి.
మా మామ మిషిన్ మోటర్ కరాబైంది,
బాగుచేసెటోడు ఎవలన్న ఎరుకనా?'

సోమవారం రిపోర్టులో అన్ని గళ్ళూ నింపాను.
రీచ్. షేర్లు. సెంటిమెంట్: పాజిటివ్.
సాయంత్రం కోఠీ వెళ్ళి
మెట్ల కింద మిషన్లు బాగుచేసే జహీరుద్దీన్ గారి
నంబరు అడిగి తెచ్చి
డబ్బా పేరుతోనే ఆమెకి పంపాను.
ఆశ్చర్యార్థకం పెట్టలేదు.
'ఇది మన బ్రాండ్ గొంతు కాదు' అన్నాడు ప్రద్యుమ్న.
కాదు మరి.

వచ్చే శుక్రవారానికి ఏదో ఒకటి రాయాలి.
రాసేముందు లేచి
కిటికీ దాకా వెళ్ళొస్తున్నాను ఈమధ్య.

పర్మిషన్ వచ్చిందా అని సేట్ రోజూ అడుగుతాడు.
ఆవిడింకా మెసేజ్ చూడలేదండీ, అంటాను.